ఏడు నడక పాటకి నాలుగు దెబ్బల కిక్ ఎలా కలపాలి?

శ్రీకాకుళం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "తప్పెటగుళ్ల (గుండె మీద తప్పెట వాయిస్తూ ఆడి పాడే జానపద కళ) బృందం పాటొకటి రికార్డు చేశాను. దాని మీద ఎఫ్ఎల్ స్టూడియో అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో నాలుగు దెబ్బల కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ)తో ఎలక్ట్రానిక్ బీట్ కడుతున్నాను. పాట నడక ఏడు, అంటే చుట్టుకి ఏడు అక్షరాలు (తాళంలో చిన్న లెక్కలు). టైమ్ సిగ్నేచర్ (ఒక్కో బారుకి, అంటే ఒక్కో చుట్టుకి, ఎన్ని లెక్కలో చెప్పే అంకె) 7/8 పెడితే స్పీడ్ రెండింతలైనట్టుంది, నా లూప్‌లన్నీ (తిరిగి తిరిగి మోగే రెడీమేడ్ ముక్కలు) తెగిపోతున్నాయి. 4/4లోనే ఉంచి ఏడు స్టెప్పుల (బీట్‌లో పావు వంతు గడుల) ప్యాటర్న్ తిప్పితే రెండో రౌండ్‌కే జారిపోతోంది. నాలుగు మీద ఐదు (నాలుగు దెబ్బల కాలంలోనే ఐదు సమానమైన దెబ్బలు) వేద్దామంటే గ్రిడ్‌లో (నోట్లు కూర్చునే గీతల్లో) ఐదు అనేదే లేదు. పైగా రికార్డింగ్ క్లిక్ (వేగం చెప్పే టిక్కు టిక్కు చప్పుడు) లేకుండా చేశాం, ఏ బీపీఎంకీ అతకట్లేదు."

తమ్ముడూ, నువ్వు అడిగిన వరసలో కాకుండా నాకు వీలైన వరసలో చెబుతాను. నేను విజయనగరంలో ఉంటాను. ఇక్కడి సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకున్నాను. ఆ తర్వాత ఇంటి మేడ మీద గదిలో చిన్న స్టూడియో పెట్టుకుని పద్దెనిమిదేళ్లయింది. నువ్వు పడుతున్న ఇబ్బందులన్నీ నేను పడ్డవే, ఒకటి రెండు ఇప్పటికీ పడుతున్నాను.

ముందు మౌస్ వదిలెయ్. ఆ పాట పెట్టుకుని నోటితో చెప్పు. ఏడు అన్నావు సరే, ఎలాంటి ఏడు? మీ ఊళ్లో ఏడు రోడ్ల జంక్షన్‌లో నిలబడి దారి చెప్పేవాడు ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెట్టడు. ఇటు మూడు, అటు నాలుగు అంటాడు. తాళమూ అంతే. "తకిట తకదిమి" అని చెబితే మూడు, నాలుగు. "తకదిమి తకిట" అని చెబితే నాలుగు, మూడు. రెండూ ఏడే, కానీ రెండూ వేర్వేరు పాటలు. మిశ్రచాపు అనే ఏడు లెక్కల తాళంలో మనం మొదటి దానికి అలవాటు పడ్డాం. చేత్తో వేస్తే ఒకటి, నాలుగు, ఆరు మీద దెబ్బ పడుతుంది. అంటే 3+2+2. నీ బృందం దేనిలో ఉందో తప్పెట వింటే తెలియకపోవచ్చు, ఎందుకంటే రెండు చేతులతో ఖాళీ లేకుండా నింపేస్తారు. కాళ్ల గజ్జెలు విను. అడుగు ఎక్కడ పడుతుందో అక్కడే విరుపు ఉంటుంది. ఈ సంగతి తేల్చుకోకుండా సాఫ్ట్‌వేర్ తెరిస్తే రెండు రోజులు కొట్టుకుంటావు. నోటికి రాని నడక, నోట్లు గీసే పియానో రోల్‌లో కుదరదు, నేను చాలాసార్లు ప్రయత్నించి చూశాను.

ఇప్పుడు స్పీడ్ సంగతి. నీ సాఫ్ట్‌వేర్‌లో పాడైందేమీ లేదు. చాలా ప్రోగ్రాముల్లో బీపీఎం అంటే నిమిషానికి ఎన్ని క్వార్టర్ నోట్లు (4/4 బారులో పావు వంతు నోట్లు) అని లెక్క. 4/4లో నువ్వు లెక్కపెట్టే బీట్, ఆ క్వార్టర్ నోట్ ఒకటే కాబట్టి తేడా తెలియదు. 7/8లో నువ్వు లెక్కపెడుతున్నది ఎయిత్ నోట్లు, అవి క్వార్టర్‌లో సగం. బీపీఎం 120 అని ఉంటే ఎయిత్ నోట్లు నిమిషానికి 240 పోతాయి. అందుకే రెండింతలైనట్టు వినపడింది. ఏడు అక్షరాలూ నిమిషానికి 120 చొప్పున నడవాలంటే బీపీఎం 60 పెట్టు, లేదా 120 అలాగే ఉంచి సిగ్నేచర్ 7/4 చెయ్. రెండూ ఒకేలా వినపడతాయి.

అసలు ఒక సంగతి మనసులో పెట్టుకో. టైమ్ సిగ్నేచర్ మార్చినంత మాత్రాన నువ్వు రాసిన నోట్లలో ఒక్కటి కూడా కదలదు. గీతలు ఎక్కడ గీయాలి, క్లిక్ ఎక్కడ గట్టిగా కొట్టాలి, బార్ నంబర్ ఎప్పుడు మారాలి అన్నవే మారతాయి. అది టైలర్ టేపు లాంటిది. గుడ్డ మీద టేపు జరిపితే గుడ్డ పొడవు మారదు కదా.

క్లిక్ కూడా నీకు పెద్దగా సాయం చెయ్యదు. 7/8లో మొదటిది "టింగ్", మిగతా ఆరూ "టిక్". ఆరు ఒకేలాంటి టిక్కుల మధ్య మూడు ఎక్కడ అయిందో, నాలుగు ఎక్కడ మొదలైందో వాయించేవాడికి తెలియదు. అందుకే నేను సాఫ్ట్‌వేర్ మెట్రోనోమ్ ఆపేసి, ఒక ట్రాక్‌లో సొంత క్లిక్ రాసుకుంటాను. ఒకటో అక్షరం మీద బరువైన చప్పట్లు, నాలుగు, ఆరు మీద తేలిక చప్పట్లు, మధ్యలో ఏమీ లేదు. ఏడు టిక్కుల కంటే మూడు చప్పట్లు పట్టుకోవడం ఎవరికైనా సులువు. రీపర్ అనే సాఫ్ట్‌వేర్ వాడితే టైమ్ సిగ్నేచర్ మార్కర్‌లోనే మెట్రోనోమ్ ప్యాటర్న్ మార్చుకోవచ్చు. కానీ సొంత ట్రాక్ అయితే ఏ సాఫ్ట్‌వేర్‌కైనా పట్టుకెళ్లొచ్చు, హెడ్‌ఫోన్‌లో ఎంత కావాలంటే అంత పెంచొచ్చు.

లూప్‌లు తెగడం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. అవి నాలుగు కోసం చేసినవి. ఎనిమిది ఎయిత్ నోట్ల లూప్‌లో చివరిది కోసేస్తే లెక్కకి ఏడు వస్తుంది గానీ, వినడానికి సీడీ గీత పడ్డట్టుంటుంది. కోయాలనుకుంటే ముక్కలు చేసి పేర్చు. లూప్ మొదట్లోని మూడు ముక్కలు తీసుకో, వాటి తర్వాత మళ్లీ మొదటి నుంచి నాలుగు ముక్కలు పెట్టు. అప్పుడు నాలుగో అక్షరం మీద కిక్ పడి, విరుపు దానంతట అదే వినపడుతుంది. నన్నడిగితే ఈ పాటకి లూప్‌లే వద్దు. నీ దగ్గర అసలు తప్పెట ఉంది.

అసలు కథ ఇప్పుడు. 4/4 కిక్ మీద ఏడు స్టెప్పుల ప్యాటర్న్. "రెండో రౌండ్‌కే జారిపోతోంది" అన్నావు. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి నిజంగా తప్పు, రెండోది తప్పు కాదు.

తప్పు ఏంటంటే, ప్యాటర్న్‌లో ఏడు స్టెప్పులే నింపినా దాని పొడవు బారుకి సర్దుకుపోయి, ఎనిమిదో స్టెప్పు నుంచి ఖాళీ మిగిలిపోయి ఉంటుంది. ఆ ఖాళీతో సహా రిపీట్ అవుతోంది. ప్లేలిస్ట్‌లో ఆ క్లిప్‌ని సరిగ్గా ఏడు స్టెప్పులకి కత్తిరించి పక్క పక్కన పేర్చు. లేదా విసుగనుకోకుండా పియానో రోల్‌లో మొత్తం పొడవూ రాసెయ్. నేను రెండోదే చేస్తాను, ఎందుకో తర్వాత చెబుతాను. ఏబుల్టన్ లైవ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఒక్కో క్లిప్‌కి ఒక్కో లూప్ పొడవు పెట్టుకోవచ్చు, లాజిక్ స్టెప్ సీక్వెన్సర్‌లో ఒక్కో వరసకే వేరే పొడవు ఇవ్వొచ్చు. అక్కడ ఈ తలనొప్పి ఉండదు.

తప్పు కానిది ఏంటంటే, అది జారాల్సిందే. 4/4 బారులో 16 స్టెప్పులు. ఏడు రెండుసార్లు తిరిగితే 14. మూడోసారి ఏడు మొదలైనప్పుడు కిక్ ఇంకా మొదటి బారులోనే ఉంటుంది. ఈ రెండూ మళ్లీ ఒకేచోట కలిసేది 112 స్టెప్పుల తర్వాత, అంటే సరిగ్గా ఏడు బార్లకి. ఈలోపు ఏడు పదహారుసార్లు తిరిగి ఉంటుంది. ఒకే వేగం అక్షరాలు, వేర్వేరు పొడవుల చుట్లు. దీన్ని పాలీమీటర్ అంటారు. నువ్వు అడిగిన నాలుగు మీద ఐదు వేరే జాతి. అక్కడ పొడవు ఒకటే, ముక్కలు వేరు. అది పాలీరిథమ్. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడే వీడియోలు చూసి కుర్రాళ్లు కంగారు పడుతుంటారు.

ఏడు బార్లకి కలుస్తుంది సరే, పాట చరణాలేమో నాలుగు బార్లు, ఎనిమిది బార్లు. ఎనిమిది బార్లంటే 128 స్టెప్పులు. ఏడు పద్దెనిమిదిసార్లు పోగా రెండు స్టెప్పులు మిగులుతాయి. చాలామంది ఆ రెండూ ఖాళీ వదిలేసి మళ్లీ మొదలుపెడతారు. వినేవాడికి మెట్టు తప్పినట్టుంటుంది. మృదంగం వాయించేవాడు ఏం చేస్తాడు? చివర తీర్మానం వేస్తాడు. మిగిలిన లెక్కని మూడుసార్లు వచ్చే ఒక ముక్కగా మార్చి సమం (చుట్టు మొదటి దెబ్బ) మీద దిగుతాడు.

చేసి చూపిస్తాను. నాలుగు బార్లంటే 64 స్టెప్పులు. "తకిట తకదిమి" ఏడుసార్లు చెప్పు, 49 అయ్యాయి. మిగిలింది 15. పదిహేను అంటే మూడు ఐదులు. "తదిగిణతొం తదిగిణతొం తదిగిణతొం." 49కి 15 కలిపితే 64. ఆఖరి "తొం" అయిన మరుక్షణం ఐదో బార్ మొదటి కిక్ పడుతుంది. ఎనిమిది బార్లకైతే ఏడు పదిహేడుసార్లు, 119. మిగిలింది 9, అంటే "తకిట" మూడుసార్లు. లేదా ఇంకొంచెం పెద్దగా కావాలంటే ఏడు పద్నాలుగుసార్లు వేసి 98 దగ్గర ఆపు. మిగిలిన 30ని మూడు పదులు చెయ్. ఒక్కో పదిలో "తదిగిణతొం" ఒకసారి నిదానంగా కాకుండా మామూలు వేగంలో చెప్పి, తర్వాత ఐదు స్టెప్పులు ఖాళీ వదులు. మూడోసారి ఆ ఖాళీ తర్వాత సమం వస్తుంది. ఆ ఖాళీలో సింథ్ ఒక్కటీ మోగితే ఎంత బాగుంటుందో విని చూడు.

అందుకే మొత్తం పొడవూ రాయమన్నది. లూప్ పెట్టి వదిలేస్తే ఈ దిగడం రాదు. లూప్ తిరుగుతూనే ఉంటుంది, ఎక్కడ ఆగాలో దానికి తెలియదు.

ఒక హెచ్చరిక. పై పొరలో ఏడు తిరుగుతుంటే బేస్, కార్డులు, పాట అన్నీ ఎవరి లెక్క వాళ్లు చూపించకూడదు. నడిచేవాడి కాలికి ఒక పొర ఆనాలి. నీ పాటలో కిక్ నాలుగు కొడుతోంది కాబట్టి బేస్ కూడా నాలుగుతోనే పోనీ, లేదా తప్పెటతో ఏడుకి పోనీ. బేస్ కూడా మూడో దారి పట్టిందంటే జాతరలో ఎవరి కాలూ లేవదు. నా మొదటి ఆల్బమ్‌లో ఐదు పొరలకి ఐదు లెక్కలు పెట్టాను. విన్న మా బావ "లెక్కల మాస్టారి పెళ్లిలో బ్యాండులా ఉంది" అన్నాడు. అతనికి తాళం గురించి ఏమీ తెలియదు, అయినా సరిగ్గానే చెప్పాడు.

ఐదు లెక్కలు అంటే గుర్తొచ్చింది. మా కళాశాల 1919లో మొదలైనప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. చేతులు, కాళ్లు, తల, ఇలా ఒక్కో అంగంతో ఒక్కో తాళం ఒకేసారి నడుపుతూ పాడేవారని చెబుతారు. పంచముఖి పరమేశ్వరుడని ఆయన్ని పిలిచింది అందుకే. ఆయన చేతిలో కంప్యూటర్ లేదు, గ్రిడ్ లేదు. మనం మూడు ట్రాకులకే ఆయాసపడుతున్నాం.

సరే, నాలుగు మీద ఐదు. గ్రిడ్‌లో ఐదు లేదన్నావు, నిజమే. ఎఫ్ఎల్ పియానో రోల్ స్నాప్‌లో సగాలు, మూడోవంతులు, పావులు, ఆరోవంతులు ఉంటాయి గానీ ఐదోవంతు ఉండదు. ముందు చేత్తో అర్థం చేసుకో. "తదిగిణతొం" నాలుగుసార్లు చెప్పు, ఇరవై అక్షరాలు. ప్రతి "త" మీద కుడి చెయ్యి తొడ మీద వెయ్. నాలుగు దెబ్బలు పడతాయి. ఇప్పుడు అదే ఇరవైని "తకదిమి" ఐదుసార్లుగా చెబుతూ ప్రతి "త" మీద ఎడమ చెయ్యి వెయ్. ఐదు దెబ్బలు. రెండూ ఒకదాని మీద ఒకటి పరిస్తే, ఇరవై గడుల్లో 1, 5, 6, 9, 11, 13, 16, 17 గడుల్లో ఏదో ఒక చెయ్యి పడుతుంది. ఒకటో గడిలో మాత్రమే రెండూ కలుస్తాయి. 5, 6 పక్కపక్కన, 16, 17 పక్కపక్కన. ఆ రెండు జంటలూ చెవికి పట్టాయంటే నాలుగు మీద ఐదు నీకు వచ్చేసినట్టే.

కంప్యూటర్‌లో పెట్టడానికి మూడు దారులున్నాయి. మొదటిది, బార్ మొత్తం పొడవున ఒకే నోట్ గీసి దాన్ని ఐదు సమాన ముక్కలు చెయ్యడం. లైవ్ కొత్త వెర్షన్లలో నోట్‌ని ఎన్ని ముక్కలంటే అన్ని ముక్కలు చేసే వీలుంది. రెండోది, ఐదు క్వార్టర్ నోట్లు పక్క పక్కన రాసి, అన్నీ కలిపి సెలెక్ట్ చేసి నాలుగు బీట్ల పొడవులోకి కుదించడం. రబ్బరుని నొక్కినట్టు అన్నీ సమానంగా దగ్గరకొస్తాయి. దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఇది ఏదో ఒక పేరుతో ఉంటుంది. రీపర్‌లో అయితే ఈ తంటాలేవీ లేవు. గ్రిడ్ గడిలో 1/5 అని టైప్ చేస్తే ఐదు గీతలు వస్తాయి, 1/7 అంటే ఏడు. క్యూబేస్‌లో క్వాంటైజ్ (నోట్లని గ్రిడ్ గీతల మీదకి లాగడం) ప్యానెల్‌లో టప్లెట్ (ఎన్ని సమాన ముక్కలో చెప్పే) అంకె మార్చుకోవచ్చు.

మూడో దారి నాకు ఇష్టమైనది, దీన్ని కొంచెం నిదానంగా చదువు. పాట మొత్తం ఖండగతిలో ఉందనుకో. అంటే ప్రతి బీట్‌కీ ఐదు అక్షరాలు. ప్రతిసారీ ఐదు ముక్కలు చేసుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. గ్రిడ్‌ని ఐదుకి మార్చే బదులు టెంపో మార్చు. నీకు కావలసింది నిమిషానికి 80 బీట్లు, బీట్‌కి ఐదు అక్షరాలు. అంటే నిమిషానికి 400 అక్షరాలు. ఆ ఒక్కో అక్షరాన్నీ సాఫ్ట్‌వేర్‌లో ఒక సిక్స్‌టీన్త్ నోట్ అనుకో. నాలుగు సిక్స్‌టీన్త్‌లు ఒక క్వార్టర్, కాబట్టి 400ని నాలుగుతో భాగిస్తే 100. ప్రాజెక్ట్ టెంపో 100 పెట్టు, సిగ్నేచర్ 5/4 పెట్టు. ఇప్పుడు మామూలు స్టెప్ గ్రిడ్‌లో ప్రతి ఐదు స్టెప్పులకీ నీ అసలు బీట్ పడుతుంది. బారులో 20 స్టెప్పులు, అంటే నాలుగు అసలు బీట్లు. ఆదితాళం ఒక ఆవర్తనం (తాళం ఒక పూర్తి చుట్టు) ఎనిమిది బీట్లు, 40 అక్షరాలు, సరిగ్గా రెండు బార్లు. ఇక అన్నీ గ్రిడ్ మీదే ఉంటాయి. క్వాంటైజ్ చేసినా ఏదీ చెదరదు.

లెక్క ఇంతే. అసలు వేగాన్ని గతితో గుణించి నాలుగుతో భాగించు. మిశ్రగతి (బీట్‌కి ఏడు అక్షరాలు) అయితే 80ని ఏడుతో గుణించి నాలుగుతో భాగిస్తే 140. సిగ్నేచర్ 7/4. ఆదితాళం ఆవర్తనం 56 అక్షరాలు, అదీ రెండు బార్లే.

దీనిలో ఒక్క మెలిక ఉంది. డిలే (ప్రతిధ్వని), ఆర్పెజియేటర్ (కార్డుని విడి నోట్లుగా వాయించేది) లాంటివి టెంపోకి సింక్ అయి ఉంటే అవి 100ని నమ్ముతాయి, 80ని కాదు. డిలే క్వార్టర్ నోట్ పెడితే అది నీ బీట్ మీద పడదు. సింక్ తీసేసి మిల్లీ సెకన్లు ఇవ్వు. 60,000ని 80తో భాగిస్తే 750. అప్పుడు ప్రతిధ్వని సరిగ్గా అసలు బీట్ మీద పడుతుంది. అలాగే పాటని ఇంకెవరికైనా మిక్సింగ్‌కి పంపితే ఫైల్‌తో పాటు ఒక ముక్క రాసిపెట్టు: "టెంపో 100 అని కనిపిస్తుంది, లెక్కపెట్టాల్సింది 80." ఒకసారి రాయడం మర్చిపోయాను. అవతలి ఇంజనీర్ అన్ని డిలేలూ 100కి సింక్ చేసి పంపాడు. తప్పు అతనిది కాదు.

ఇప్పుడు ఎవరూ పట్టించుకోని చిన్న విషయం. మిడి నోట్లు (కంప్యూటర్‌లో రాసినవి) గాల్లో ఉండవు, టిక్కులు అనే అతి చిన్న కాలపు ముక్కల మీద కూర్చుంటాయి (ఇవి క్లిక్ చప్పుడు టిక్కులు కావు). ఎఫ్ఎల్ స్టూడియో మామూలుగా ఒక క్వార్టర్ నోట్‌కి 96 టిక్కులు పెడుతుంది. 96ని రెండు, మూడు, నాలుగు, ఆరు, ఎనిమిదితో నిశ్శేషంగా భాగించొచ్చు. ఐదుతో భాగిస్తే 19.2, ఏడుతో భాగిస్తే 13.71. అర టిక్కు మీద నోట్ కూర్చోలేదు కాబట్టి పక్క టిక్కుకి జరుగుతుంది. ఒక బీట్‌లో ఏడు పెడితే మధ్య దూరాలు 14, 13, 14, 14, 14, 13, 14 అవుతాయి. 80 బీపీఎంలో ఒక టిక్కు దాదాపు 7.8 మిల్లీ సెకన్లు. సమానంగా ఉండాల్సిన ఏడింటిలో రెండు దూరాలు 8 మిల్లీ సెకన్లు కురచ. చాలామందికి ఇది వినపడదు. కానీ అదే చోట అసలు తప్పెట దెబ్బ కూడా ఉంటే రెండు చప్పుళ్లూ విడిపోయి "టర్" మన్నట్టు వస్తుంది. నేను రెండు వారాలు సౌండ్ కార్డుని అనుమానించాను, డ్రైవర్లు మార్చాను, చివరికి ఇది తెలిసింది.

ప్రాజెక్ట్ సెట్టింగుల్లో టైమ్‌బేస్ అని ఉంటుంది, అక్కడ ఈ అంకె మార్చొచ్చు. 960 పెడితే ఒక టిక్కు 0.8 మిల్లీ సెకన్ల లోపే, ఇక పట్టించుకోనక్కర్లేదు. సరదా ఏంటంటే ఆ జాబితాలో 120, 168 కూడా ఉంటాయి. 120ని ఐదుతో, 168ని ఏడుతో సరిగ్గా భాగించొచ్చు. ఏదైనా సరే పాట మొదలుపెట్టక ముందే మార్చు. సగం రాశాక మారిస్తే పాత నోట్లు ఎక్కడ కూర్చుంటాయో మళ్లీ చూసుకోవాల్సి వస్తుంది. పైన చెప్పిన టెంపో దారిలో వెళ్తే ఈ గొడవే లేదు, ఎందుకంటే అక్కడ ఏడూ ఐదూ స్టెప్పుల మీదే ఉంటాయి. 96తోనే సరిపోతుంది.

వెలాసిటీ (నోట్ ఎంత బలంగా మోగాలన్న అంకె) గురించి రెండు మాటలు. హ్యూమనైజ్ బటన్ నొక్కి నోట్లని అటూ ఇటూ చెదరగొట్టకు. నాలుగులో అయితే చెవి సర్దుకుంటుంది, ఏడులో విరుపే పోతుంది. నోట్ల చోటు కదపకుండా బలం మార్చు. "తకిట తకదిమి"లో రెండు "త"లకి 110 దాకా ఇచ్చి, "ది"కి 90, మిగతావాటికి 60, 70 మధ్య ఇవ్వు. అంతే, క్లిక్ తీసేసినా ఎవరికైనా మూడు, నాలుగు వినపడతాయి.

ఇక క్లిక్ లేని రికార్డింగ్. ఇది నువ్వు సిగ్గుపడాల్సిన విషయం కాదు. నేనూ ఒకసారి చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన బృందానికి హెడ్‌ఫోన్లు పెట్టి క్లిక్ వినిపించాను. పదిహేను మంది ఉన్నారు, హెడ్‌ఫోన్లు నాలుగే. పెట్టుకున్న నలుగురు క్లిక్‌తో పోయారు, మిగతా వాళ్లు పెద్దాయన గొంతుతో పోయారు. మూడు నిమిషాల్లో అంతా ఆగిపోయింది. పెద్దాయన హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, "బాబూ, ఇది మా చెవిలో రొద పెడుతోంది, మా కాళ్ల మాట వినపడట్లేదు" అన్నారు. తీసేశాం. రెండో టేక్‌కే అయిపోయింది.

ఆ టేక్ 118 బీపీఎం దగ్గర మొదలై 131 దగ్గర ముగిసింది. ఊపు పెరిగే కొద్దీ వేగం పెరగడం ఆ ఆటలో ఉన్నదే. దాన్ని పట్టుకుని 120కి దిగగొట్టకు. పైగా కొట్టలేవు కూడా. తప్పెట గుండె మీద కట్టుకుంటారు, నోరు దానికి జానెడు పైన ఉంటుంది. ఏ మైకు పెట్టినా గొంతూ దెబ్బా కలిసే వస్తాయి. దెబ్బని జరిపితే మాట సాగుతుంది. అందుకని ఆడియోని గ్రిడ్‌కి తేవద్దు, గ్రిడ్‌ని ఆడియో దగ్గరకి తీసుకెళ్లు.

ఎలాగంటే, రికార్డింగ్‌లో నాలుగు ఆవర్తనాలు ఎన్ని సెకన్లు పట్టాయో కొలువు. సమం నుంచి సమానికి. 7/8లో ఆవర్తనం అంటే మూడున్నర క్వార్టర్ నోట్లు, నాలుగు ఆవర్తనాలంటే పద్నాలుగు. కాబట్టి 840ని ఆ సెకన్లతో భాగిస్తే బీపీఎం వస్తుంది. సరిగ్గా 7 సెకన్లు పడితే 120. 6.72 సెకన్లు పడితే 125. ఇలా పాట పొడవునా నాలుగేసి ఆవర్తనాలకి ఒక అంకె రాసుకుని, వాటిని వేగం మార్చే గీత, అంటే టెంపో ఆటోమేషన్‌లో పెట్టు. అంకె నుంచి అంకెకి మెట్లలా కాకుండా వాలుగా గీయి. ముందుగా ఆడియో క్లిప్‌కి స్ట్రెచ్ ఆపెయ్, లేకపోతే టెంపో మారినప్పుడల్లా అది కూడా సాగి అంతా మొదటికొస్తుంది. రీపర్‌లో అయితే షిఫ్ట్, సి నొక్కి సమం దగ్గర మార్కర్లు పెట్టుకుంటూ పోవచ్చు. నేను ఈ పని అక్కడ చేసి, అంకెలు తెచ్చి మిగతాది ఎఫ్ఎల్‌లో చేస్తాను.

ప్రతి దెబ్బకీ మార్కర్ పెట్టకు. ఒక కుర్రాడు అలా పెట్టి తీసుకొచ్చాడు. మూడు నిమిషాల పాటకి వందల మార్కర్లు. అతని కిక్ తాగి నడిచినట్టు ఉంది. ఆవర్తనం లోపల కొంచెం ముందు వెనుకలు ఉంటే ఉండనీ. సమం మీద మాత్రం కిక్, తప్పెట కలవాలి. మధ్యలో కలవని చోట కిక్‌నే తీసెయ్, తప్పెటని కాదు.

పెద్ద అనుమానం వస్తే పాట మొత్తం పంపకు. మొదటి ఎనిమిది ఆవర్తనాల ముక్క, కిక్ విడిగా, తప్పెట విడిగా, రెండూ సున్నా దగ్గర నుంచి మొదలయ్యేలా వేవ్ ఫైళ్లుగా పంపు. ఎంపీ3 చేస్తే మొదట్లో కొద్దిగా ఖాళీ చేరుతుంది. నీ తప్పో ఫైల్ తప్పో నాకు తెలియదు. దసరా వెళ్లిన మంగళవారం మాకు పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ, ఆ వారం మాత్రం నా గది తాళం వేసి ఉంటుంది.